మంద లేని ఇంట్లో మంద కుక్క: షెపర్డ్, కోలీ జాతులు ఎవరికి సరిపోతాయి?

క్లుప్తంగా: జర్మన్ షెపర్డ్, బోర్డర్ కోలీ, బెల్జియన్ మాలినోయిస్, కోర్గి, షెల్టీ (షెట్లాండ్ షీప్‌డాగ్) లాంటివి గొర్రెలనూ పశువులనూ తోలడానికి తయారైన జాతులు. ఇళ్లలో వీటితో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలం, కదిలే ప్రతిదాన్నీ అదుపులో పెట్టాలనే పుట్టుగుణం. ఇల్లు ఎన్ని గజాలన్నది అంత ముఖ్యం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు రోజూ ఎంత సమయం ఇవ్వగలరు, చిన్నపిల్లల పరుగులు ఎంత, ఊళ్లో ఎండ ఎంత అన్నవి ముందు చూసుకోవాలి. కోలీ కుదురుకు చెందిన కుక్కల్లో కొన్ని మామూలు మందులు ప్రాణం మీదకు తెస్తాయి.

జర్మన్ షెపర్డ్ తెలుగు ఇళ్లకు కొత్త కాదు. అల్సేషియన్ అని పిలిచే రోజుల నుంచీ బంగళాల గేట్ల దగ్గర కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు దాని కుదురుకే చెందిన మరికొన్ని జాతులు అపార్ట్‌మెంట్లలోకి వస్తున్నాయి. రీల్స్‌లో చెప్పిన మాట ఇట్టే వినే బోర్డర్ కోలీని చూసి ఒకరు, పొట్టికాళ్ల కోర్గిని చూసి ఒకరు, పరేడ్‌లో బెల్జియన్ మాలినోయిస్‌ను చూసి ఇంకొకరు ముచ్చటపడుతున్నారు. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటిపై దాడికి అమెరికా కమాండోల వెంట వెళ్లిన 'కైరో' మాలినోయిసే. మన సీఆర్‌పీఎఫ్ కూడా బెంగళూరు శివారు తరలులోని తన శిక్షణ కేంద్రంలో ఈ జాతిని తీర్చిదిద్దుతోంది.

అంత తెలివైన కుక్క మన ఇంట్లో ఉంటే బాగుంటుందనిపించడం సహజం. కానీ ఆ తెలివి ఏ పనికోసం తయారైందో చూడకుండా కుక్కపిల్లను తెచ్చుకుంటే ఏడాది తిరిగేసరికి టెన్షన్ మొదలవుతుంది. పిల్లల మడమలు కొరుకుతోందని, బండ్ల వెంట పడుతోందని, రోజంతా మొరుగుతోందని ఫిర్యాదులు వస్తాయి. నిజానికి ఆ కుక్క తన పని తాను చేస్తోంది. తరతరాలుగా మనిషి దాన్ని ఆ పనికే ఎంచి పెంచాడు.

కాపలా కుక్క వేరు, తోలే కుక్క వేరు

మందల దగ్గర ఉండే కుక్కలన్నిటినీ ఒకే గాటన కట్టడంతో అయోమయం మొదలవుతుంది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల అమ్మకానికీ పెంపకానికీ అనుమతులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో కాకేసియన్ షెపర్డ్, సెంట్రల్ ఏషియన్ షెపర్డ్ పేర్లున్నాయి. జర్మన్ షెపర్డ్ లేదు, బోర్డర్ కోలీ లేదు, మాలినోయిస్ కూడా లేదు. తర్వాతి నెలలోనే ఆ ఉత్తర్వు కర్ణాటక, ఢిల్లీ హైకోర్టుల్లో నిలవలేదు. అయినా 'షెపర్డ్ జాతులు ప్రమాదకరం' అన్న మాట జనంలో మిగిలిపోయింది.

కాకేసియన్, సెంట్రల్ ఏషియన్ జాతులు మందకు కాపలా కాసేవి. మందలోనే పుట్టి, గొర్రెల మధ్యే పెరిగి, తోడేలో ఎలుగో వస్తే ఎదురు నిలబడతాయి. గొర్రెల్ని అటూ ఇటూ మళ్లించడం వాటి పని కాదు. ఒంటినిండా బలం, తొందరపడని నడక, కొత్తవారంటే అనుమానం, ఎవరి ఆజ్ఞా లేకుండా సొంతంగా నిర్ణయం తీసుకునే స్వభావం ఆ పనికి కావాలి. తోలే కుక్క ఇందుకు పూర్తిగా భిన్నం. అది చిన్నది, వేగంగా కదులుతుంది. కాపరి వైపు ఒక చెవి, మంద వైపు రెండు కళ్లు పెట్టి పనిచేస్తుంది.

మన కురుమ, గొల్ల కాపరుల మందల వెంట నడిచే నాటు కుక్కలు కూడా ప్రధానంగా కాపలా కుక్కలే. రాత్రిపూట పొలంలో మంద కట్టినప్పుడు తోడేళ్లనూ దొంగలనూ పసిగట్టి అరవడం వాటి బాధ్యత. మందను మలిపేది కాపరి కేక, చేతికర్ర, ముందు నడిచే పొట్టేలు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల వెంట తిరిగేదని పేరున్న జోనంగి లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయి గానీ, ఈల వింటూ మందను తోలే ప్రత్యేక జాతి తెలుగు నేల మీద పెద్దగా అవసరపడలేదు.

బ్రిటన్‌లో అది ఎందుకు అవసరమైంది? అక్కడ తోడేళ్లు కొన్ని శతాబ్దాల కిందటే అంతరించాయి. కాపలా అక్కర్లేకపోవడంతో గొర్రెలను కొండల మీద వాటి మానాన వదిలేయడం వీలైంది. ఉన్ని కత్తిరించడానికో ఈతల కాలంలో చూసుకోవడానికో వాటిని కిందికి తేవాలి. ఒక్క మనిషి వందల గొర్రెలను గుట్టల మీంచి పోగుచేయడం కుక్క లేకుండా జరిగే పని కాదు. మన దగ్గర కాపరి రోజంతా మందతోనే నడుస్తాడు కాబట్టి ఆ లోటే రాలేదు.

వేటలోంచి వచ్చిన విద్య

తోడేలు వేటాడే తీరులో ఒక వరస ఉంటుంది. జంతువును గమనించడం, చూపు నిలపడం, పొంచి దగ్గరవడం, తరమడం, పట్టి కరవడం, చంపడం, చివరికి తినడం. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు రేమండ్ కాపింగర్, ఆయన భార్య లోర్నా కుక్క జాతుల మధ్య తేడాలను ఈ వరస ఆధారంగానే వివరించారు. కాపలా జాతుల్లో ఈ వరస దాదాపు మొత్తం అణిగిపోయి ఉంటుంది. తోలే జాతుల్లో మధ్య మెట్లు, అంటే చూపు నిలపడం, పొంచడం, తరమడం బాగా పెరిగి, కరవడం, చంపడం అన్నవి వెనక్కి తగ్గాయి.

ఇది అర్థమైతే ఇంట్లో కనిపించే చాలా ప్రవర్తనలకు కారణం దొరుకుతుంది. పెరిగిన మెట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని కదిపేది ఆకలి కాదు, కదలిక. కడుపునిండా తిన్న కోలీ కూడా సైకిల్ చక్రం తిరగ్గానే లేచి నిలబడుతుంది. ఇంకో సంగతి: తరమడమే ఆ కుక్కకు బహుమతి. బిస్కెట్ ఇచ్చి మెచ్చుకోనక్కర్లేదు. అందుకే ఒకసారి అలవాటైన వెంటబడటం వారం రోజులు తిట్టినా పోదు. తిట్టడం వల్ల వచ్చే బాధ కన్నా, తరమడం వల్ల వచ్చే తృప్తి దానికి పెద్దది.

వెనక్కి తగ్గిన కాటు పూర్తిగా మాయం కాలేదన్నదీ గుర్తుంచుకోవాలి. ఏ జాతిలో ఎంత తగ్గింది అన్నది ఆ జాతి తోలిన జంతువును బట్టి మారింది.

ఏ పనికి పుట్టిందో ఆ అలవాటే ఇంట్లో

బోర్డర్ కోలీ పోగుచేసే కుక్క. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండలు దాని పుట్టిల్లు. 1893లో నార్తంబర్‌లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర పుట్టిన 'ఓల్డ్ హెంప్'ను ఈ జాతికి మూలపురుషుడిగా చెప్తారు. అంతకుముందు మందను మొరిగి, బెదిరించి తోలే కుక్కలే ఎక్కువ. హెంప్ మాత్రం మొరగకుండా చూపుతోనే గొర్రెలను కదిలించేది. ఆ గుణం కోసమే దాని సంతతిని వెతికి వెతికి పెంచారు. కాపరి ఈల వేయగానే కుక్క మందకు దూరంగా పెద్ద వంపు తిరిగి వెనక్కి చేరుతుంది. అక్కడ నేలకు వంగి, తలను భుజాల కన్నా కిందికి దించి, ముందు కాలు ఒకటి గాల్లో ఆపి, రెప్పవేయకుండా చూస్తుంది. గొర్రెలు ఆ చూపుకే కదులుతాయి. 'ఇక చాలు' అన్న మాట వినగానే పని వదిలేసి కాపరి కాళ్ల దగ్గరకు వచ్చేస్తుంది.

అదే వంగిన ఒళ్లు, అదే ఆగిన కాలు హాల్లో పరుగెత్తే మూడేళ్ల పిల్ల ముందు కనిపిస్తే ఇంట్లోవాళ్లు ముచ్చటపడతారు, లేదా హడలిపోతారు. రెండూ సరికాదు. అది దాడికి సిద్ధం కావడం లేదు, అలాగని ఆడుకోవడమూ లేదు. అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది. కదిలే స్కూటర్‌ను మలపడానికి చక్రం ముందుకు వెళ్లే కోలీకి ఆ బండి గొర్రెలా ఆగదని తెలియదు. కదిలేదేదీ లేని ఇంట్లో కొన్ని కోలీలు ఫ్యాను నీడనో, వాచీ అద్దం మీంచి గోడ మీద పడిన వెలుగునో గంటల తరబడి వెంటాడతాయి. ఇది ముదిరితే మాన్పించడం చాలా కష్టం. లేజర్ లైట్‌తో ఆడించడం ఈ జాతికి అస్సలు పనికిరాదు.

కోర్గి, ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ పశువులను తోలేవి. ఆవు గొర్రె కాదు, చూపుకు బెదరదు. వెనక నుంచి మడమ మీద చిన్న కాటు వేసి, తన్ను తగలకుండా నేలకు అణగాలి. కోర్గి పొట్టిదనం అక్కడ పనికొచ్చింది. ఆవు తన్ను దాని తల మీంచి పోతుంది. ఇంట్లో ఆ మడమలు పిల్లలవి, ఊగే అంచు చున్నీదో లంగాదో. కాటు లోతుగా దిగకపోవచ్చు, కానీ పిల్ల ఏడుస్తూ పరుగెత్తడం మొదలుపెడితే కుక్క దృష్టిలో పని ఇంకా మిగిలే ఉంది. ఇలాంటప్పుడు పిల్లల్ని కదలకుండా నిలబడమని నేర్పడం, కుక్కను అక్కణ్నుంచి పిలవడం, రెండూ కావాలి. ఒక్కటే చేస్తే సరిపోదు.

జర్మన్ షెపర్డ్ పని ఇంకో రకం. జర్మనీలో కంచెలు లేని పంట చేల మధ్య సన్నటి పచ్చిక పట్టీల్లో గొర్రెలను మేపేవారు. పంటలోకి మూతి పెట్టకుండా గట్టు వెంబడి రోజంతా అటూ ఇటూ నడుస్తూ కుక్కే కంచెగా ఉండేది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి 'హొరాండ్' అనే కుక్కను కొని, దాంతో ఈ జాతికి పునాది వేసినప్పుడు చూసిందీ ఆ ఓర్పు నడకే. ఇవాళ మన ఇంట్లో ఆ గట్టు కాంపౌండ్ వాల్ అవుతుంది, లేదా బాల్కనీ. గోడ పక్కన కుక్క నడిచి నడిచి బాట పడిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. గేటు దాటి లోపలికి వచ్చే కొరియర్ అబ్బాయి, పాలవాడు, పనిమనిషి దాని లెక్కలో గట్టు దాటినవాళ్లే. చిన్నప్పటి నుంచి పలువురు మనుషుల రాకపోకలు అలవాటు చేస్తే ఇది అదుపులో ఉంటుంది. కట్టేసి పెంచితే మాత్రం ముదురుతుంది.

మాలినోయిస్ బెల్జియం మేపుకుక్కల్లో ఒక రకం. పోలీసు పనికి, కాటు పోటీలకు దశాబ్దాలుగా ఎంచి పెంచడంతో, తగ్గాల్సిన పట్టు దీనిలో మళ్లీ పైకొచ్చింది. దళాల్లో ప్రతి మాలినోయిస్‌కూ హ్యాండ్లర్ ఉంటాడు, ఆ కుక్కను చూసుకోవడమే అతని ఉద్యోగం. ఇంట్లో ఆ స్థానంలో ఎవరుంటారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ జాతి వద్దనుకోవడమే మంచిది.

షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, రఫ్ కోలీ నిటారుగా నిలబడి, కదలికతోనూ అరుపుతోనూ తోలేవి. షెల్టీ, రఫ్ కోలీల్లో కాటు తక్కువ, మొరుగుడు ఎక్కువ. ముఖ్యంగా షెల్టీ గొంతు అపార్ట్‌మెంట్ గోడలకు ఆగదు.

జాతి ఎంతవరకు చెబుతుంది?

'జాతి చూస్తే చాలు, గుణం తెలిసిపోతుంది' అనేవారున్నారు. 'అంతా పెంపకమే' అనేవారూ ఉన్నారు. 2022లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు ఈ రెండు మాటలకూ హద్దులు గీశాయి.

'సైన్స్' పత్రికలో వచ్చిన మొదటిది 18 వేలకు పైగా కుక్కల యజమానుల జవాబులను, 2 వేలకు పైగా కుక్కల జన్యువులను పరిశీలించింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమేనని తేల్చింది. కోపగుణం విషయంలో జాతి దాదాపు ఏమీ చెప్పలేదు. చెప్పిన మాట వినే గుణం విషయంలో మాత్రం జాతి ప్రభావం కాస్త ఎక్కువగా కనిపించింది. 'సెల్' పత్రికలో వచ్చిన రెండో పరిశోధన 4 వేలకు పైగా కుక్కల జన్యువులను పది కుదుళ్లుగా విడదీసి చూసింది. గొర్రెలను తోలే కుక్కల్లో మెదడు నరాలు ఎదిగే దశలో ఒకదానితో ఒకటి ఎలా కలవాలో నిర్దేశించే జన్యువుల దగ్గర ప్రత్యేకమైన మార్పులు కనిపించాయి.

రెండింటికీ వైరుధ్యమేమీ లేదు. తోలే గుణానికి శరీరంలో వేరు ఉంది. అయితే ఆ వేరు ఒక్కో కుక్కలో ఒక్కో లోతులో ఉంటుంది. ఒకే ఈత పిల్లల్లో ఒకటి రోజంతా సోఫా కింద పడుకోవచ్చు, ఇంకోటి ఈగను కూడా వదలకపోవచ్చు. అందుకే జాతి పేరు కన్నా తల్లిదండ్రులు ఏ వంశంవన్నది ఎక్కువ చెబుతుంది. పని కోసం పెంచిన వంశాలు, ప్రదర్శనల కోసం పెంచిన వంశాలు చాలాకాలంగా విడిపోయి ఉన్నాయి. 1995లో జాతి కుక్కలను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ బోర్డర్ కోలీని గుర్తించినప్పుడు, అందం చూసి పెంచితే పని పోతుందని పనికుక్కల యజమానులు గట్టిగా వ్యతిరేకించారు. మామూలు ఇంటికి ఆ 'పోయిన పని' లోటు కాకపోవచ్చు. చాలా ఇళ్లకు అదే మేలు.

పరుగు ఒక్కటే మందు కాదు

'రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తిస్తే కుదురుకుంటుంది' అన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. రోజూ దూరం పెంచుకుంటూ పోతే కుక్కకు దమ్ము పెరుగుతుంది, ఆర్నెల్ల తర్వాత అదే అలసటకు ఇరవై కిలోమీటర్లు కావాలి. బంతి విసిరే ఆట ఇంకా చిక్కు. తరమడం మాత్రమే ఉండి, ఆపడం నేర్పని ఆట అది.

కొండల మీద పనిచేసే కుక్క రోజంతా పరుగెత్తదు. ఎక్కువసేపు పడుకుని ఎదురుచూస్తుంది. పిలిస్తే వెళ్తుంది, ఆపమంటే ఆపుతుంది. దానికి నేర్పే విద్యలో పరుగు కన్నా ఆగడమే పెద్ద భాగం. ఇంట్లోనూ అదే పని చేస్తుంది. చాప వేసి దాని మీద పడుకోబెట్టడం, తలుపు దగ్గర ఆగమనడం, పరుగు మధ్యలో 'చాలు' అనగానే వెనక్కి తిరగడం రోజుకు కొద్ది నిమిషాల చొప్పున నేర్పాలి. దాచిన తిండి వాసన పట్టి వెతికించడం, వస్తువుల పేర్లు నేర్పడం లాంటివి మెదడుకు పని పెడతాయి. అమెరికాలోని సౌత్ కరోలైనాలో జాన్ పిల్లీ అనే విశ్రాంత ప్రొఫెసర్ పెంచిన 'ఛేజర్' అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. దాని వెనక ఆయన రోజూ గంటల తరబడి మూడేళ్లు కూర్చోవడం ఉంది. ఆ కుక్క తెలివిని మెచ్చుకునేటప్పుడు ఆ మనిషి తీరికనూ లెక్కలోకి తీసుకోవాలి.

ఎండ, ఉక్క

స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో నడివేసవిలోనూ పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో అది 45కు చేరుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుతూ తేమను ఆవిరి చేసుకోవడమే దాని ప్రధాన మార్గం. గాల్లోనే తేమ నిండి ఉన్నప్పుడు ఆ ఆవిరి తొందరగా జరగదు. అందుకే విశాఖ, కాకినాడ ఉక్కలో 35 డిగ్రీలు కూడా తక్కువేమీ కాదు.

కుక్క శరీర ఉష్ణోగ్రత మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. చాలా కుక్కలు ఎండ తగిలితే తమంతట తామే నీడకు పోయి పడుకుంటాయి. పని మీద మనసున్న కోలీ, మాలినోయిస్ అలా ఆగవు. బంతి విసిరినంతసేపూ తెస్తూనే ఉండి ఒక్కసారిగా కుప్పకూలుతాయి. ఆపాల్సింది మనిషే. అడుగులు తడబడటం, నాలుక బాగా ఎర్రబడటం, చిక్కటి చొంగ కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, ఆలస్యం చేయకుండా వెట్ దగ్గరకు తీసుకెళ్లాలి.

వేసవిలో వీటి వెంట్రుకలు గొరిగించేవారున్నారు. రెండు పొరల బొచ్చు ఉన్న జాతులకు అది మేలు చేయదు, పై పొర ఎండను కూడా అడ్డుకుంటుంది. లోపలి పొరలో రాలిన బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది. తెల్లవారుజామున, పొద్దుపోయాక తప్ప బయటికి తిప్పలేని నెలలు మూడు నాలుగు ఉంటాయి. ఆ నెలల్లో ఈ జాతులకు ఏసీ గది దాదాపు అవసరంగా మారుతుంది.

మందుల దగ్గర తప్పనిసరి జాగ్రత్త

తెలుగు రాష్ట్రాల్లో కుక్కకు గోమార్లు పట్టినా గజ్జి వచ్చినా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చాలా మామూలు. గొర్రెలకూ పశువులకూ వాడేది కావడంతో ఊళ్లలోనూ సులువుగా దొరుకుతుంది. కోలీ కుదురు కుక్కల్లో చాలావాటికి ఇదే విషం కావచ్చు.

మెదడులోకి అక్కర్లేని రసాయనాలు చేరకుండా రక్తనాళాల గోడల దగ్గర ఒక ప్రొటీన్ వాటిని బయటికి నెట్టేస్తూ ఉంటుంది. దాన్ని తయారుచేసేది ఎండీఆర్1 అనే జన్యువు. ఈ జన్యువులో లోపం ఉంటే ఆ పంపు పనిచేయదు. మందు నేరుగా మెదడులో పేరుకుని తూలడం, చొంగ, చూపు పోవడం, చివరికి కోమా దాకా వెళ్తుంది. ఈ లోపాన్ని 2001లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కనుగొన్నారు. వారి లెక్క ప్రకారం రఫ్ కోలీ లాంటి కోలీల్లో సుమారు 70 శాతానికి, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సుమారు సగానికి, షెల్టీల్లో 15 శాతానికి, జర్మన్ షెపర్డ్‌లలో 10 శాతానికి ఈ లోపం ఉంది. బోర్డర్ కోలీల్లో 5 శాతం లోపే.

గుండెపురుగు రాకుండా ఇచ్చే అతి తక్కువ మోతాదుతో సమస్య రాదు. గజ్జికి ఇచ్చే పెద్ద మోతాదుతోనే చిక్కంతా. విరేచనాలకు మనం వాడే లోపెరమైడ్ మాత్ర, కొన్ని క్యాన్సర్ మందులు, కొన్ని మత్తుమందులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. ఇంట్లో ఉన్న మాత్ర విరిచి పెట్టడం ఈ జాతుల్లో ప్రాణాంతకం కావచ్చు. బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాతోనో రక్తంతోనో జన్యు పరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు. ఫలితాన్ని టీకాల కార్డు మీదే రాసి ఉంచితే, అర్ధరాత్రి తెలియని క్లినిక్‌కు వెళ్లాల్సి వచ్చినా డాక్టర్‌కు తెలుస్తుంది.

మిగతా వ్యాధుల్లో జర్మన్ షెపర్డ్‌కు తుంటి కీలు సమస్య పేరుమోసింది. నున్నటి గ్రానైట్, మార్బుల్ నేలల మీద కాళ్లు జారుతూ పెరిగే పిల్లకు అది ఇంకా భారమవుతుంది. నడిచేచోట పట్టలో చాపలో పరవడం ఖర్చులేని జాగ్రత్త.

ఇంటిని ఎలా అంచనా వేసుకోవాలి?

ఐదొందల గజాల స్థలం ఉందని ధైర్యపడేవారు ఎక్కువ. స్థలం పెద్దదై మనిషి లేకపోతే కుక్కకు కాపలా గట్టు పొడవు పెరుగుతుంది తప్ప పని దొరకదు. రెండు గదుల ఫ్లాట్‌లోనైనా ఉదయం ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట పూర్తిగా కుక్కకే ఇచ్చే మనిషి ఉంటే షెల్టీయో నెమ్మదైన కోర్గియో బాగానే బతుకుతుంది. ఈ సమయం డాగ్ వాకర్ తిప్పే ఇరవై నిమిషాలకు అదనం. పైగా బోర్డర్ కోలీ, షెల్టీ ఆయుర్దాయం పన్నెండేళ్లు దాటుతుంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి చూసుకుంటానన్నాడంటే, అతను ఇంజినీరింగ్ అయి ఉద్యోగానికి వెళ్లాక ఎవరు చూసుకుంటారో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

ఆరేళ్లలోపు పిల్లలు, నడకలో తూలే వృద్ధులు ఉన్న ఇంట్లో మడమలు కొరికే జాతులు, మాలినోయిస్ వద్దనడమే సబబు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ చుట్టూ కుక్క ఒక్కసారి వేగంగా తిరిగితే జరిగే నష్టం కుక్క ఉద్దేశంతో సంబంధం లేనిది. ఉమ్మడి కుటుంబాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఒకరు సోఫా ఎక్కనిస్తారు, ఒకరు దింపుతారు, ఒకరు పళ్లెంలోంచి పెడతారు. మనిషి కనుసన్నను కూడా గమనించే ఈ కుక్కలు ఆ గందరగోళానికి లాబ్రడార్ కన్నా ఎక్కువగా అలజడి పడతాయి.

శబ్దం సంగతి చాలామంది పిల్లను తెచ్చుకున్నాకే ఆలోచిస్తారు. దూరం నుంచి ఈల వినడానికి ఎంచిన చెవులు ఇవి. వినాయక నిమజ్జనం డీజే, దీపావళి బాంబులు చాలా తోలే కుక్కలకు నరకం. రోడ్డు పక్క ఫ్లాట్, పక్కనే ఫంక్షన్ హాల్ ఉన్న ఇల్లు వీటికి సరైన చోటు కాదు. సంక్రాంతికి పది రోజులు ఊరెళ్లే ఇంట్లో కుక్కను ఎవరు ఉంచుకుంటారన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి. డల్లాస్‌లోనో బే ఏరియాలోనో ఆస్ట్రేలియన్ షెపర్డ్‌ను పెంచుకునే తెలుగువాళ్లకు పార్కులు, గొర్రెల మీద నిజంగా పని చేయించి చూసే శిక్షణ కేంద్రాలు అందుబాటులో ఉంటాయి. వాళ్లకు ఇండియా ప్రయాణాల నెల రోజులే పెద్ద సమస్య.

మొత్తం మీద తెలుగు నగరాల్లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే చాలా ఇళ్లకు బోర్డర్ కోలీ, మాలినోయిస్, క్యాటిల్ డాగ్ సరిపోవు. నెమ్మదైన తల్లిదండ్రుల జర్మన్ షెపర్డ్, ఇంట్లో మనిషి ఉండే చోట సరిపోవచ్చు. కాపలా కాసి, ఎండకు తట్టుకుని, ఇంటిని కనిపెట్టుకుని ఉంటే చాలనుకునేవారి అవసరం నాటు కుక్కతోనే తీరిపోతుంది.

పిల్లను ఎంచుకునేటప్పుడు, పొరపాటు జరిగిపోయినప్పుడు

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించని చోట కొనకపోవడం ఉత్తమం. తల్లి కొత్త మనిషిని చూసి ఎలా ఉంటుంది, గిన్నె కింద పడితే ఎంతసేపటికి తేరుకుంటుంది అన్నవి పిల్ల భవిష్యత్తు గురించి పెడిగ్రీ (వంశావళి) కాగితం కన్నా ఎక్కువ చెబుతాయి. నీలిబూడిద మచ్చల రంగుకు ఈ మధ్య గిరాకీ బాగా ఉంది. మెర్ల్ అనే ఆ రంగు ఉన్న రెండు కుక్కలను జతచేస్తే పుట్టే వాటిలో సగటున నాలుగో వంతు పిల్లలకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. వాటికి చెవుడు, గుడ్డితనం వచ్చే ముప్పు ఎక్కువ. తల్లీతండ్రీ రెండూ అదే రంగులో ఉంటే ఆ పిల్లను వదిలేయాలి. అనుభవం లేని ఇంటికి రెండు మూడేళ్లు దాటిన, స్వభావం తెలిసిన పెద్ద కుక్కను తెచ్చుకోవడం పిల్లను తేవడం కన్నా క్షేమం.

ఇప్పటికే తెచ్చుకుని ఇబ్బంది పడుతున్నవారు సాధారణంగా ఎనిమిది నెలలకూ రెండేళ్లకూ మధ్య చేతులెత్తేస్తారు. ఆ వయసులో తోలే గుణం పూర్తిగా పైకొస్తుంది, బుద్ధి ఇంకా కుదురుకోదు. చాలా కుక్కలు ఆ తర్వాత నెమ్మదిస్తాయి కాబట్టి, ఆ ఏడాదిన్నరపాటు పొడుగు తాడు మీద తిప్పుతూ వెంటబడే అవకాశం ఇవ్వకుండా శిక్షకుడి సాయం తీసుకోవడం మొదటి మార్గం. కుదరకపోతే, 'ఫామ్‌హౌస్‌లో వదిలేద్దాం, అక్కడ మేకలున్నాయి కదా' అన్న ఆలోచన తరచూ వస్తుంది. శిక్షణ లేని కోలీకో మాలినోయిస్‌కో మేకలు దొరికితే అది మందను కాయదు, తరిమి తరిమి చెదరగొడుతుంది. చూలు మేకలు ఈసుకుపోతాయి, మేకపిల్లలు తొక్కిసలాటలో చస్తాయి, ఊరివాళ్లు కర్రలు పట్టుకుంటారు. అలాంటి కుక్కకు కావలసింది ఎకరాలు కాదు, తీరిక ఉన్న మనిషి. విశ్రాంత ఉద్యోగి అయినా, పోటీలకు కుక్కలను తయారుచేసే హాబీ ఉన్నవారైనా ఫర్వాలేదు. అప్పగించేముందు దాని ఎండీఆర్1 ఫలితం, కొరికిన సంఘటనలు ఏమైనా ఉంటే అవి, దేన్ని చూస్తే వెంటబడుతుందో ఆ వివరాలు దాచకుండా రాసి ఇవ్వాలి.